ఆటలో మాట – నోటిలో మాట
(సికింద్రాబాద్‌లో ఒక బస్తీ తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం పనులు ప్రక్కన పెట్టి ఇంతమంది వచ్చినందుకు మా కార్యకర్తలందరి తరఫున కృతజ్ఞతలు. వెనుక వరుసలలో చంటిపిల్లలతో కూర్చున్న తల్లులకు మరింత కృతజ్ఞతలు. ఈ ప్రసంగం ప్రధానంగా వారికోసమే.

నేటి విషయం ఫోనులో ఆడే ఆటలు. వాటి ద్వారా చిన్నపిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పవచ్చునా, నేర్పవచ్చునంటే ఏ విధంగా అన్నది చర్చించడానికి వచ్చాము. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాల వంటి పెద్ద సమస్యలు ఉండగా ఈ ఆటల గొడవ ఎందుకని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి ముందు సమాధానం చెప్పుకొందాము.

2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. 2016లో మొదలై తరువాత 204కు చేరిన మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలోనే నడుస్తున్నాయి. సందుకొకటిగా వెలసిన ప్రైవేటు బడుల సంగతి చెప్పనక్కరలేదు. అంటే మన బిడ్డ చాలావరకు ఏ బడి గడప తొక్కినా లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనే చదవాలి. ఆ బిడ్డ ఇంట్లో మాట్లాడేది దక్కనీ. చదవడానికి నేర్చుకొనే ఉర్దూ ఆ దక్కనీకి కొంత ఎడంగా ఉంటుంది. మక్తబ్‌లో అరబ్బీ అక్షరాలు. 2018 చట్టం ప్రకారం బడిలో తెలుగు తప్పనిసరి. వీటన్నిటి మీద ఇంగ్లీషు. ఎనిమిదేళ్ళ బిడ్డ నెత్తిన ఎన్ని మూటలున్నాయో చూడండి.

సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చెబుతుంది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకొనే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం చెబుతుంది. ఈ హక్కులు అడగడం మనం మానరాదు. కాని అవి చేతికి వచ్చేదాకా మూడవ తరగతి పిల్ల మూడవ తరగతిలోనే ఆగదు. లెక్క రాక కాదు, లెక్కలో ఉన్న ‘రిమైండర్’ అనే మాట తెలియక సున్నా తెచ్చుకొంటున్న పిల్లలను మేము చూస్తూనే ఉన్నాము. అలా రెండేళ్ళు గడిచేసరికి తనకు చదువు రాదని ఆ బిడ్డే నమ్ముతుంది. బడి మానే రోజు అక్కడి నుంచి ఎంతో దూరం ఉండదు. మేము ఆటల గురించి మాట్లాడుతున్నది ఇందుకే.

మాట ఎలా వస్తుంది? మా తరం గుమాస్తాలకు ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. పాత ఫైళ్ళు నేర్పాయి. ‘ది అండర్‌సైన్డ్’, ‘ఫర్ ఇన్ఫర్మేషన్ అండ్ నెసెసరీ యాక్షన్’ వంటి మాటలను వందసార్లు చూసి, వందసార్లు వ్రాసి, చివరకు నిద్రలో లేపి అడిగినా చెప్పగల స్థితికి వచ్చాము. అయితే అది చేతికి వచ్చిన ఇంగ్లీషు, నోటికి వచ్చింది కాదు. పై అధికారి ఎదుట నిలబడి నాలుగు వాక్యాలు చెప్పవలసి వస్తే గొంతు తడారిపోయేది. అదే కాలంలో కంటోన్మెంటు బంగళాలలో, రైల్వే క్వార్టర్లలో పనిచేసిన వంటవారు, డ్రైవర్లు అక్షరం రాకపోయినా ధారాళంగా మాట్లాడేవారు. వారి చెవిన ఆ మాట రోజూ పడింది, తప్పు పలికినా పని నడిచింది. ఈ రెండు రకాల చదువులోనూ సమానంగా ఉన్నది ఒక్కటే. మాట మళ్ళీ మళ్ళీ ఎదురుపడింది.

డబ్బున్న ఇంటి బిడ్డకు ఈ ‘మళ్ళీ మళ్ళీ’ ఇంట్లోనే దొరుకుతుంది. మన బిడ్డకు బడిలో ఒక్కసారి వినబడుతుంది, అంతే. రెండవసారి అడగాలంటే సిగ్గు. తప్పు చెబితే ప్రక్కవాడు నవ్వుతాడు. మంచి ఆట ఈ రెండు లోట్లను పూడ్చగలదు. అదే మాటను ఇరవైసార్లు అడిగినా అది విసుగు చెందదు, ఎంత తప్పు చెప్పినా ఎగతాళి చేయదు. ఆట గొప్పతనం ఇంతవరకే. ఇంతకు మించి ఎవరైనా చెబితే వారు ఏదో అమ్మజూపుతున్నారని అనుకోవచ్చు.

ఇది అమెరికా ముచ్చట కాదు, మన ఊరిలోనే పరీక్షించి చూసినది. 1999లో ఢిల్లీలోని కల్కాజీలో గోడకు కన్నం పెట్టి, అందులో కంప్యూటరు అమర్చి, బస్తీ పిల్లలకు వదిలిపెట్టిన సుగతా మిత్రా పేరు కొందరు విని ఉంటారు. ఆయన, జేమ్స్ టూలీ అనే ఆచార్యుడు, మరికొందరు కలిసి హైదరాబాద్‌లో తక్కువ ఫీజులతో నడిచే ఒక ప్రైవేటు బడి పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. 2003లో దాని నివేదిక ప్రచురించారు. పిల్లలు 16 మంది. మనిషి పలికిన మాటను విని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరును వారికి ఇచ్చారు. పిల్లలు తమ యాసలో ఇంగ్లీషు మాట్లాడితే అది అర్థంపర్థం లేని మాటలు టైపు చేసేది. మీ మాట దానికి అర్థమయ్యేలా చేయండి అని చెప్పి పెద్దలు తప్పుకొన్నారు. పిల్లలు గుంపులుగా కూర్చుని, ఒకరినొకరు సరిదిద్దుకొంటూ, పాఠాల సాఫ్ట్‌వేరు, ఇంగ్లీషు సినిమాలు చూసి పలుకుబడి పట్టుకొంటూ కొన్ని నెలలలో ఎంతో మెరుగుపడ్డారు.

దాన్ని ఎవరూ ఆట అనలేదు. కాని యంత్రాన్ని ఒప్పించాలన్న పంతం, నవ్వులు, గుంపు, మళ్ళీ ప్రయత్నం – ఇది ఆట కాక మరేమిటి? మాకు ఇందులో ముఖ్యంగా తోచింది గుంపు. ఒక్కో పిల్లవాడు ఒక్కో మూలన ఒక్కో తెరతో కూర్చోలేదు. ఉపాధ్యాయుడే అవసరం లేదని కొందరు ఈ ప్రయోగం నుంచి గ్రహించారు. దానితో మేము ఏకీభవించము. ఆ మాటను పట్టుకొని ప్రభుత్వాలు ఉపాధ్యాయ ఖాళీలు నింపకుండా టాబ్లెట్లు పంచి చేతులు దులుపుకొనే ప్రమాదం ఉంది.

మరొక ప్రయత్నం కూడా తెలుసుకోదగినది. 2004 నుంచి మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో, మన దేశపు పల్లె పిల్లలకు మామూలు సెల్‌ఫోనులో ఇంగ్లీషు నేర్పే ఆటలు తయారు చేశాడు. మొదట పాశ్చాత్య వీడియో గేముల పద్ధతిలో చేస్తే పిల్లలకు ఏం చేయాలో బోధపడలేదు. అప్పుడు ఆ బృందం పల్లెలలో పిల్లలు ఆడుకొనే ఆటలను పరిశీలించి, వాటి నియమాలనే ఫోనులోకి తెచ్చింది. ఇంగ్లీషు నేర్పాలంటే ముందు మన ఆట నేర్చుకోవలసి వచ్చిందన్న మాట. మన ఇళ్ళలో పెద్దలు బైత్‌బాజీ ఆడేవారు. ఒకరి పద్యం ఏ అక్షరంతో ముగిస్తే ఎదుటివారు ఆ అక్షరంతో అందుకోవాలి. పిల్లలు సినిమా పాటలతో అంత్యాక్షరి ఆడుతూనే ఉన్నారు. దానినే ఇంగ్లీషు మాటలతో ఆడించి చూడండి. ‘క్యాట్’ అంటే ‘టేబుల్’, ‘టేబుల్’ అంటే స్పెల్లింగు చివర ఉన్న ‘ఇ’తో ‘ఎగ్’. ఇంటర్నెట్ అక్కరలేదు, కరెంటు పోయినా ఆట ఆగదు.

ఇక మా అనుభవం. శని, ఆదివారాలు అసర్ నుంచి మగ్రిబ్ లోపు మేము ఈ హాలులోనే పిల్లలను కూర్చోబెడుతున్నాము. ఉన్నవి మూడు ఫోన్లు, ఒక పాత ల్యాప్‌టాపు. ఫోనుకు నలుగురు చొప్పున కూర్చుంటారు. ఒకరు నొక్కుతారు, ముగ్గురు అరుస్తారు. ఆ అరుపులే మాకు కావలసినవి.

కొన్ని వారాలు గమనించాక ఒక విషయం బయటపడింది. ఫోనులో ‘అంబ్రెల్లా’ బొమ్మను తడుముకోకుండా నొక్కిన పిల్లవాడిని, మూలన ఉన్న గొడుగు చూపించి ఇదేమిటని అడిగితే నోరు మెదపలేదు. బొమ్మ గుర్తుంది, దాని రంగు గుర్తుంది, తెర మీద అది ఉన్న చోటు గుర్తుంది. మాట మాత్రం నోటికి రాలేదు. అప్పటి నుంచి ఆట ముగిసిన వెంటనే ఫోన్లు మూసి అవే మాటలను హాలులో ఉన్న వస్తువులతో, చేతలతో అడుగుతున్నాము. మరొక లోటు కూడా కనిపించింది. ఈ ఆటలలో ఎక్కువ భాగం బొమ్మ వేయగలిగిన మాటలనే నేర్పుతాయి – కుక్క, పిల్లి, బంతి, యాపిల్. ‘బిఫోర్’, ‘బిట్వీన్’, ‘బారో’, ‘ఈక్వల్’ వంటి మాటలకు బొమ్మ ఎక్కడిది? పాఠం అర్థం కావాలంటే కావలసినవి అవే. అందుచేత పిల్లల పాఠ్యపుస్తకాల నుంచి అటువంటి మాటలు ఏరి, అట్టముక్కల మీద వ్రాసి, మేమే ఆటలు తయారు చేస్తున్నాము. చలి దేశాల ఆటలలో వచ్చే ‘మిటెన్’, ‘స్లెడ్జ్’ వంటి మాటలను దాటవేయమంటున్నాము. సికింద్రాబాద్ పిల్లవాడు మంచు మీద జారే బండి పేరు ఇప్పుడే నేర్చుకోకపోతే మునిగిపోయేదేమీ లేదు.

అన్నిటికన్న పెద్ద సంగతి ఏమంటే, మన పిల్లలకు ఇంగ్లీషు మాటలు రావన్నదే నిజం కాదు. మెకానిక్ కొడుకును పిలిచి బండిలో ఏమేమి ఉంటాయని అడగండి. క్లచ్, బ్రేకు, గేరు, ప్లగ్గు, ఛెయిను, బేరింగు, సైలెన్సరు అని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. కుట్టుపని చేసే తల్లి కూతురు కాలరు, కఫ్ఫు, జిప్పు, హుక్కు, లైనింగు అంటుంది. వంటింట్లో కుక్కరు, మిక్సీ, ప్లేటు, గ్లాసు. ఇవన్నీ ఇంగ్లీషు మాటలని, వీటికి స్పెల్లింగు ఉందని ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు. ఏ ఆటా క్లచ్ బొమ్మ చూపించి అడగదు. ఆట తయారు చేసినవారికి మన గల్లీ తెలియదు. మా దగ్గర ఒక పిల్లవాడు అబ్బాజాన్ షెడ్డులోని మాటలన్నీ నోటుపుస్తకంలో వ్రాసుకొని వచ్చాడు. మేము స్పెల్లింగు సరిచేశాము. అంతవరకు ఇంగ్లీషు పీరియడ్‌లో తల వంచుకొని కూర్చొనే పిల్లవాడు ఆ రోజు తోటి పిల్లలకు పాఠం చెప్పాడు. ‘బ్రేక్’ అనే మాటకు విరగడమనే అర్థం కూడా ఉందని, అయితే ఆ మాట స్పెల్లింగు వేరని తెలిసినప్పుడు వాడి ముఖం చూడవలసింది.

ఇంకొక ముచ్చట చెప్పి ముందుకు వెళతాము. ఇంగ్లీషువారి ‘కాటన్’ అరబ్బీలోని ‘ఖుత్న్’ నుంచి వెళ్ళింది. ‘ఆల్జీబ్రా’ అంటే ‘అల్ జబ్ర్’. ‘సోఫా’కు మూలం ‘సుఫ్ఫా’. మీరు చదివే మాసపత్రికకు ఇంగ్లీషులో పేరు ‘మ్యాగజైన్’ కదా, అది కూడా గిడ్డంగులు అని అర్థమిచ్చే ‘మఖాజిన్’ నుంచి వచ్చినదే. ‘బ్యాండికూట్’ అయితే అచ్చంగా మన తెలుగు పందికొక్కు. ఇది చెప్పినప్పుడు హాలంతా నవ్వులే. ఆ మాటను ఒక్కరు కూడా మరచిపోలేదు. ఇంగ్లీషు ఆకాశం నుంచి ఊడిపడలేదని, అందులో మన ఇంటి మాటలూ ఉన్నాయని తెలిస్తే పిల్లల భయం సగం పోతుంది. అందుకే మా పిల్లల నోటుపుస్తకాలలో మూడు గడులు గీయించాము. ఇంగ్లీషు మాట, దాని ప్రక్కన ఉర్దూ, దాని ప్రక్కన తెలుగు. ఇంగ్లీషు కోసం ఉర్దూను వదిలేయమని చెప్పేవారి మాట మేము వినబోము. తెలుగును పరాయిగా చూసేవారి మాట కూడా వినము. రేపు కలెక్టరు కార్యాలయంలో అర్జీ పెట్టేటప్పుడు అక్కరకు వచ్చేది తెలుగే.

ఏ ఆటలు అని అడుగుతున్నారు. రెండింటి గురించి చెబుతాము. గూగుల్ సంస్థ 2019లో మన దేశంలో ‘బోలో’ పేరుతో చదువు నేర్పే యాప్ తెచ్చింది, 2020లో దానిని ‘రీడ్ అలాంగ్’గా మార్చింది. పిల్లవాడు బయటకు చదువుతుంటే అది విని, తడబడిన మాటను పలికి చూపిస్తుంది, మధ్యలో మాటల ఆటలు ఆడిస్తుంది. కథలు దింపుకొన్నాక ఇంటర్నెట్ లేకుండానే నడిచేటట్లు చేశారు. ఇంగ్లీషుతో పాటు తెలుగు, ఉర్దూ కూడా అందులో పెట్టారు. కొంచెం పెద్ద పిల్లలకు ‘ఫ్రీరైస్’ అనే ఆట ఉంది. 2007లో జాన్ బ్రీన్ అనే ఆయన మొదలుపెట్టాడు, 2009లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి అప్పగించాడు. ఇంగ్లీషు మాటకు సరైన అర్థం ఎంచుకొంటే ఆకలితో ఉన్నవారికి కొన్ని బియ్యపు గింజల విలువ చేరుతుంది. మొదలుపెట్టినప్పుడు జవాబుకు 10 గింజలు. ఈ లెక్క చెప్పగానే మా హాలులో ఐదవ తరగతి అమ్మాయిలు ఫోను వదలలేదు. ఒక పళ్ళెం అన్నానికి ఎన్ని మాటలు కావాలో లెక్కగట్టడానికి బియ్యం గింజలు తెచ్చి ఎంచారు కూడా.

ఇప్పుడు పెద్దల భయం సంగతి. ఆన్‌లైన్ గేమ్ అనగానే రమ్మీ, అప్పులు, ఇల్లు గుల్ల కావడం గుర్తుకు వస్తాయి. ఆ భయం సహేతుకమైనదే. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బుతో ఆడే ఆటలను నిషేధించింది, చదువుకు, వినోదానికి ఉపయోగపడే ఆటలను వేరుగా చూసింది. కాబట్టి గీత ఎక్కడ గీయాలో తెలుసు. పందెం ఉన్నది మనకు హరామ్, ఇప్పుడు చట్టానికి నేరం. నాణేలు కొనమని, బ్యాంకు వివరాలు ఇమ్మని అడిగే ఆటను వెంటనే తీసివేయండి. ఉచిత ఆటల మధ్య వచ్చే ప్రకటనలు కూడా తక్కువవి కావు, అవి ఎక్కడెక్కడికో లాక్కుపోతాయి. ఆట ఇంటర్నెట్ లేకుండా నడిచేదైతే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి. పుట్టిన తేదీ, బడి పేరు, ఫోటో ఎక్కడా ఇవ్వనివ్వకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఆ సమ్మతి బటను నొక్కేది మీరే కావాలి, పిల్లవాడు కాదు.

అరగంట చాలు. ప్రక్కన ఒకరు ఉండాలి. తల్లికి ఇంగ్లీషు రాదు కదా, ఆమె కూర్చుని ఏం చేస్తుందని ఒక సోదరుడు అన్నారు. రాకపోవడమే మంచిది. ‘బేటా, ఇదేమిటి, నాకూ చెప్పు’ అని ఆమె అడుగుతుంది, బిడ్డ చెబుతుంది. ఇతరులకు చెప్పిన మాట మరచిపోవడం కష్టం. మా దగ్గర ఇద్దరు ముగ్గురు దాదీలు మనవరాళ్ళ దగ్గర మందుల సీసా మీద పేరు చదవడం నేర్చుకొన్నారు.

ఇక కొంచెం కటువైన మాట. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటోంది? 2023 ‘అసర్’ నివేదిక మన దేశపు పల్లెలలోని 14 నుంచి 18 ఏళ్ళ వారిని పరిశీలించింది. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. అది పల్లెల లెక్క, అన్ని మతాలవారి లెక్క. మన బస్తీలో ఇంతకంటే మెరుగ్గా ఉందని ఎవరైనా చేయి ఎత్తగలరా? 2020 సెప్టెంబరులో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు ఎన్నో ఇళ్ళు అప్పు చేసి ఫోను కొన్నాయి. పాఠాల కోసమని కొన్న ఆ ఫోను పాఠాలు అయిపోయాక అన్నయ్య జేబులోకి వెళ్ళింది, చెల్లెలి చేతికి చీపురు వచ్చింది. ఆడపిల్ల చేతికి ఫోను ఇస్తే చెడిపోతుందన్న అనుమానంతో ఇవ్వనివారు, రాత్రి పన్నెండు దాకా కొడుకు ఏం చూస్తున్నాడో ఎన్నడైనా అడిగారా? సొంత ఫోను కొనిమ్మని మేము అనడం లేదు. తల్లి కళ్ళ ముందు, కూడికలో, రోజుకు అరగంట. అంతకన్న భద్రమైన చోటు ఏది? ఈ హాలులో చాలా చురుకుగా ఆడే ఒక అమ్మాయికి ఇంట్లో ఫోను తాకే వీలు లేదు. రెండు రోజులు నేర్చుకొని ఐదు రోజులు మరచిపోతోంది. ఆమె తండ్రి ఇక్కడే ఉన్నారు. పేరు చెప్పము, నమాజు తరువాత మాట్లాడతాము.

ఇంటి బాధ్యత ఎంత ఉన్నా ప్రభుత్వ బాధ్యత మాసిపోదు. మేము చూసిన కొన్ని ప్రభుత్వ బడులలో కంప్యూటరు గది ఉంది, తాళం కూడా ఉంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, కమిటీలో సగం మంది స్త్రీలు కావాలి. ఆ కమిటీలో ఉన్నవారు ఇక్కడ నలుగురు కనిపిస్తున్నారు. సమావేశానికి వెళ్ళి సంతకం పెట్టి రావడం కాకుండా, గది వారానికి రెండు గంటలు పిల్లలకు తెరవాలని తీర్మానం వ్రాయించండి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కితే దానికి జవాబు చెప్పక తప్పదు. నలభై ఏళ్ళు ఫైళ్ళ మధ్య బ్రతికినవారిగా ఇది మాకు బాగా తెలుసు. నోటి మాటకు కార్యాలయంలో ఆయువు ఉండదు.

వినతిపత్రం ముసాయిదా తెలుగులో, ఉర్దూలో సిద్ధం చేసి తెచ్చాము. ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. కమిటీ సభ్యులు ఒక్కో ప్రతి తీసుకొని, బడి పేరు, తేదీ నింపి, ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకొని మాకు చేర్చండి. ఇంటర్ చదివే ఆడపిల్లలు ఇద్దరు శనివారం తరగతికి సహాయానికి వస్తామన్నారు. ఇంకా నలుగురు కావాలి. పనికి వచ్చే పాత ఫోను ఎవరి ఇంట్లోనైనా మూలనపడి ఉంటే సిమ్ తీసివేసి, ఛార్జరుతో సహా ఇవ్వండి. రిజిస్టరులో వ్రాసుకొని రసీదు ఇస్తాము.